వణుకు

తెల్లారగట్ల మూడింటికి
అలారం అక్కర్లేకుండా లేచేవాణ్ణి.
నూకరత్నం మెడకింద చెయ్యి పెట్టి
చెమట పట్టిందా అని తడిమేవాణ్ణి.
పదహారేళ్ళ మా కాపురం
ఆ అరచేతి వెడల్పే.

పదకొండో ఏట పట్టుకున్న సుగరు ఆమెది,
పెద్దాళ్ళకొచ్చే రకం కాదు.
మొదట్లో పడిపోయే ముందు ఒళ్ళు చెప్పేదట,
పెదాలు జివజివలాడి, వేళ్ళు వణికి,
బెల్లంముక్క నోట్లో ఏసుకోవే అని.
ఏళ్ళు గడిచి అదీ మానేసింది,
ఎంత చెప్పినా వినని ఇంట్లో
ముసలాళ్ళు మాట మానేసినట్టు.

నేను రేవులో ఓడల తాళ్ళు కట్టేవాణ్ణి.
పాతకాలం పీచుతాడు తెగే ముందు మూలిగేది,
దూరం జరిగే టైమిచ్చేది.
నైలాను తాడు చెప్పదు.
మా సన్యాసిరావు మోకాలు అలాగే పోయింది.

కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు దిగుతూ ఒకసారి.
మిషను మీద జాకెట్టు కుడుతూ ఇంకోసారి:
కాలు తొక్కుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది,
సూది గుడ్డ దాటి బొటనవేల్లోకి దిగింది,
మనిషి మాత్రం అక్కడ లేదు.

డాక్టరమ్మ గంటసేపు చెప్పినదాంట్లో
నాకు ఎక్కింది ఇంతే:
చనిపోయిన ఒకరి క్లోమంలోంచి
ఇసకరేణువులంత దీవుల్ని ఏరతారు,
లక్షల్లో ఉంటాయి, పోగుచేస్తే ఒక చెంచాడు.
వాటిని కాలేయంలోకి పోయే నాళంలో వదుల్తారు.
క్లోమంలో పుట్టినవి
కాలేయంలో అద్దెకుండాలి.
"కట్టడానికి తాడేదీ?" అన్నాను.
నవ్వి, "వాటంతట అవే పట్టుకోవాలి" అంది.
"కొన్ని పట్టుకోవు."

ఆషాఢంలో ఒక రాత్రి ఫోనొచ్చింది.
పాతికేళ్ళ కుర్రాడు, హైవే మీద.
అంతకుమించి చెప్పరు, అడక్కూడదు.
నూకరత్నం అడగలేదు.
ఆటో జగదాంబ దాటేక మాత్రం
"ఆళ్ళమ్మ ఇప్పుడేటి సేస్తన్నాదో" అంది.

పక్కటెముకల కింద సన్నటి గొట్టం.
అడుగుకి పేరుకోకుండా
సంచిని మెల్లగా తిప్పుతూ నిలబడింది నర్సు.
గంట పట్టలేదు.
ఇరవయ్యెనిమిదేళ్ళ జబ్బుకి
ఒక లాంచీ రేవు దాటేంత సేపు.

తరవాత మాత్రలు, పొద్దున్నా రాత్రీ,
ఒంట్లో కాపలావాళ్ళని జోకొట్టేవి,
కొత్తగా దిగినవాళ్ళని తరిమెయ్యకుండా.
నోటినిండా పుళ్ళు.
జలుబు చేసినోళ్ళు
జాకెట్టుగుడ్డ గుమ్మంలోనే ఇచ్చి పోవాలి.
ఇన్సులిను లేని పదకొండు వారాలు
ఫ్రిజ్జులో ఆ అరనిండా కరివేపాకు పెట్టింది.
పన్నెండో వారం మళ్ళీ ఆరు యూనిట్లు.

"అయితే అంతా సముద్రంలో పోసినట్టేనా?"
అంది మా వదిన.
నాకు జవాబు దొరకలేదు.

మొన్న సాయంత్రం మిషను చప్పుడు ఆగింది.
పరిగెత్తేను.
కూర్చునే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.
రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంటోంది,
గాజులు గలగలమనేలా వణుకుతున్న చేతుల్ని.
"ఒణుకుతన్నాను, సూడు!
నాకు తెలస్తన్నాది!"
బెల్లం డబ్బా తీసిస్తే
"ఆగు, ఇంకొక్క నిమిసం" అంది,
చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలు
వీధి మలుపులో కనబడ్డట్టు.
మీటరు అరవైరెండు చూపించింది.
మూతి బెల్లంతో నవ్వింది, ఏడ్చింది,
మిషను దిగలేదు.

కొలతలెవరూ ఇవ్వని చొక్కా ఒకటి కుడుతోంది ఈమధ్య.
ఎవరికని నేనడగలేదు.
కాలరు రెండుసార్లు విప్పింది.

మూడింటికి నాకింకా మెలకువొస్తుంది.
చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగుతుంది.
"పడుకో" అంటుంది, కళ్ళు మూసుకునే,
"ఏటైనా ఉంటే నాకు ముందే సెప్తాది."
ఎక్కడ పెట్టుకోవాలో తెలీని చెయ్యితో
పడుకుని వింటాను,
అవుటర్ హార్బర్లో
ఏదో ఓడ లోపలికి రావడానికి కూత పెట్టడం.